ఒకటి దగ్గర మొదలైన కొలత

అమ్మలూ, ఆ ఫోను పక్కన పడేసి ఇలా జరుగు. మీ నాన్న, మీ తాత ఒకే కొట్లో ఎలా పడ్డారో చెబుతాను.

మీ తాత వడ్రంగి. ఆయన లోకమంతా అడుగులూ అంగుళాలే. మీ నాన్న లేతు మిషను మీద చేయి తిరిగినవాడు. నోరు తెరిస్తే మిల్లీమీటర్లు. ఇద్దరూ కలిసి కొట్టు నడపాలని మీ అమ్మ పట్టు.

"మీ వంటింట్లో గిన్నెలు కడిగే సింకు తొట్టికి బల్ల చేద్దాం. అది కుదిరితే ఒకే కొట్టు. లేదా ఎవరి దారి వాళ్ళది" అన్నాడు తాత. మీ అమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు.

తొట్టిని కొలిచారు. టేపు మొదలు తాత పట్టుకుంటే, రెండో చివర మీ నాన్న చదివాడు.

"ఒకటి తీసెయ్ అల్లుడూ."

"తీసేశాను మావయ్యా."

బల్లకు కన్నం కోసి తొట్టిని దించారు. దించారో లేదో, ఒక పక్కకు ఒరిగి దబ్బున కిందపడింది. స్టీలుది కనుక సొట్టతో బతికిపోయింది.

"అల్లుడుగారూ, మీ మిల్లీమీటర్లు కాస్త ఒళ్ళు చేసినట్టున్నాయే!"

"మీ అంగుళాలే ముసలివై సాగాయేమో మావయ్యా!"

గుమ్మంలో మీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అయితే ఇక అంతేనా నాన్నా?"

మీ నాన్న టేపు అందుకుని, "మళ్ళీ కొలుద్దాం" అన్నాడు. ఈసారి అంకె చూడలేదు, మీ తాత బొటనవేలు చూశాడు. టేపు కొక్కెం ఏనాడో వదులైపోవడంతో, తాత ఎప్పుడూ ఒకటో అంగుళం గీత దగ్గరే పట్టుకుని, చివర్లో ఆ అంగుళం తీసేసేవాడు. మీ నాన్నేమో టేపు రెండో అంచున ఉన్న సెంటీమీటర్లు చదివి, ఒక సెంటీమీటరు తీసేశాడు. అందుకే కన్నం చిటికెన వేలి మందం పెద్దదైంది.

"ఒకటి తీసెయ్ అన్నారు, తీసేశాను!"

"నా ఒకటి వేరు, నీ ఒకటి వేరు నాయనా!"

తాత నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. లేచి, టేపు మొదలు అల్లుడి చేతిలో పెట్టాడు. "ఇక ఇది నువ్వు పట్టుకో. నీ అంచు చదవడం నాకు నేర్పు."

కన్నం చుట్టూ సన్న చెక్క బద్దలు బిగించి తొట్టిని కూర్చోబెట్టారు. మర్నాడే మీ నాన్న తన పనిముట్లు తాత కొట్టుకు మోసుకొచ్చాడు. ఇప్పటికీ రంపం పెట్టేముందు, "ఎక్కణ్ణుంచి? ఏ అంచు?" అని ఒకరినొకరు గట్టిగా అడుగుతారు. దారినపోయేవాళ్ళు పోట్లాటే అనుకుంటారు.

ఇది మరిచిపోకు తల్లీ. మీ తమ్ముడికీ చెప్పు. మీ తాత నవ్విన నవ్వు మాత్రం వదిలెయ్యకుండా చెప్పు.