ఎడమ చెవి పుల్లలు

1948 డిసెంబర్ 25 ఉదయం తొమ్మిది గంటలకు, సికింద్రాబాద్‌లోని ఒక అనాథాశ్రమంలో, క్రిస్మస్ నాటకానికి పిల్లలను ముస్తాబు చేస్తున్న జాన్ బీ ఒక పిల్ల చెవి చూసి చేతిలోని గుడ్డ జారవిడిచింది.

జాన్ బీ సీతాఫల్‌మండిలో బట్టలు కుడుతుంది. పోలీసు చర్య రోజుల్లో ఆమె చెల్లెలి కుటుంబం జహీరాబాద్‌లో ఇల్లు వదిలి బయలుదేరింది. ఇక్కడికి చేరలేదు. చెల్లెలి కూతురు షహర్ బానో స్టేషన్లో దొరికి ఈ ఆశ్రమానికి చేరిన పిల్లల్లో ఉండవచ్చని పక్కింటి దేవసహాయం అన్నాడు. ఆమె ఆశ్రమానికి వెళ్లి అడిగింది. అక్కడి పెద్ద మేబెలమ్మ గేటు దాటనివ్వలేదు. అంతకుముందే ఎవరో తమది కాని పిల్లను తమదని చెప్పి తీసుకుపోబోయారట. అందుకని పండగనాడు దేవసహాయం తన చర్చివాళ్లతో పాటు ఆమెనూ పనికి తీసుకొచ్చాడు.

"కనబడితే నోరు మెదపకు బీబీ. ముందు నాకు చెప్పు" అని గేటు దగ్గరే హెచ్చరించాడు.

దేవదూతల వేషం వేసే ఆడపిల్లలకు తలగుడ్డలు కట్టడం ఆమె పని. పేలు పడ్డాయని అందరికీ గుండ్లు చేయించారు. అందరూ ఒక్క తీరుగానే ఉన్నారు. ఆమె ఒకరికి ముడి వేస్తూ ఇంకొకరిని చూసింది. వేసిన ముడి విప్పి మళ్లీ వేసింది.

"ఏందమ్మా, ఒక్కకాడ నిలవవు?" అంది ఆయా రోసమ్మ. "కాళ్లకు చీమలు పట్టినయా?"

"జెర చలి అక్కా."

"చలైతే పొయ్యికాడ కూసో. నీతోని దేవదూతలు పరేషాన్ అయితున్నరు."

తర్వాతి పిల్లకు కుడి చెవి కుట్టి లేదు. ఎడమ చెవి అంచున, కుట్టిన రంధ్రాలు పూడకుండా పెట్టిన మూడు వేప పుల్లలున్నాయి. కింది పుల్ల వంకరగా దిగింది. రంజాన్‌కి షహర్ బానో వచ్చినప్పుడు ఆ చెవి కుట్టింది జాన్ బీయే. పిల్ల తల విదిలిస్తే సూది పక్కకు పోయింది. కుడి చెవి బక్రీదుకు కుడదామని వదిలేసింది.

"పైలం! దాని చెవి ముట్టకు" అంది రోసమ్మ. "పుల్లలు తీద్దామని పోతే నా వేలు కొరికింది. దీని ఖాలా, అదే పెద్దమ్మ, బక్రీదుకు చెవికి బాలీలు పెడతదంట, అప్పటిదాక తియ్యొద్దన్నదంట. గా ముచ్చట తప్ప ఇంకో మాట రాదు దీనికి. బక్రీద్ పోయి రెండు నెల్లాయె."

జాన్ బీకి దేవసహాయం మాట గుర్తు లేదు.

"ఆ ఖాలాను నేనే."

మేబెలమ్మ వచ్చింది. "అందరూ అదే చెప్తారు. గుర్తేమిటి?"

జాన్ బీ పిల్ల ముందు కూర్చుంది. "నాకు ఆలస్యమైంది బేటా" అంది.

పిల్ల ఆమె ముఖం చూసింది. తర్వాత తల తిప్పి ఎడమ చెవి ఆమె ముందుకు పెట్టింది.

జాన్ బీ పై పుల్ల లాగింది. పిల్ల కదల్లేదు. రెండోది కూడా లాగాక మేబెలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"సోమవారం ఇద్దరు సాక్షులతో రండి. అప్పటిదాకా పిల్ల ఇక్కడే ఉంటుంది."

"అయితే కిందిది ఉండనీ" అంది జాన్ బీ పిల్లతో. "సోమారం వచ్చి తీస్త."

నాటకంలో దేవదూతలంతా చేతులు జోడించారు. షహర్ బానో ఒక చెయ్యి చెవి మీదే పెట్టుకుని నిలబడింది.

సోమవారం దేవసహాయాన్నీ, తన భర్త తమ్ముడు నబీనీ వెంటబెట్టుకుని జాన్ బీ వచ్చింది. పుల్ల చెవిలోనే ఉంది. దాన్ని తీసి మూడు బాలీలూ పెట్టింది. మధ్యాహ్నానికి నలుగురూ సీతాఫల్‌మండి చేరారు.