ఆడిటర్ గారి ప్రేమాభిమానాలు

టైలరమ్మ లెక్కల పుస్తకంలో డబ్బిచ్చిన ఆడవాళ్లందరూ అక్కలే. కర్టెన్ల అక్క, పొట్టి అక్క, బేరాల అక్క. ఉత్త "అక్క" మాత్రం ఒక్కచోటే ఉంది. దాని పక్కన మూడు లక్షలు.

ఆడిటర్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఆ అంకె మీద వేలు పెట్టారు. "ఈవిడ ఏం కుట్టించుకుందమ్మా, మూడు లక్షలకి?"

"కుట్టించుకోలేదండీ, నా సొంత అక్క. షాపు తగలబడినప్పుడు మిషన్లు కొనుక్కోమని ఊరికే ఇచ్చింది."

"పన్నుల ఆఫీసుకి ఆ సంగతి తెలీదు కదా! మీ సంపాదనే అనుకుని నోటీసు పంపారు. శుక్రవారంలోగా మీ అక్కగారి సంతకంతో కాగితం ఇస్తే సరి. లేకపోతే పన్నూ, పైన జరిమానా."

అంత కట్టాలంటే ఉన్న రెండు మిషన్లూ అమ్ముకోవాలి. అవి పోతే తిండెలా? అంతకన్నా కష్టం, అక్క గుమ్మం ఎక్కడం. అక్కాచెల్లెళ్లకి మాటల్లేక రెండేళ్లు. "డబ్బిచ్చానని పెత్తనం చెయ్యకు" అని నోరు జారింది టైలరమ్మే మరి.

"పోనీ, సంతకం నేనే గీకేస్తే?"

ఆడిటర్ గారు పెన్నుకి క్యాప్ పెట్టేశారు. "అలాగైతే ఇంకో ఆడిటర్ని చూసుకోండి."

టైలరమ్మకి సిగ్గేసింది. ఆ వెంటనే పట్టుదల కూడా వచ్చింది. "వద్దులెండి. కాగితం రాసివ్వండి, నేనే వెళ్తా."

మర్నాడు పొద్దున్నే, తాడో పేడో తేల్చుకుందామని, మూడంతస్తులు ఎక్కి బెల్లు కొట్టింది. అక్క తలుపు సగమే తీసింది.

"ఏంటి?"

"నువ్విచ్చిన డబ్బుకి సంతకం కావాలి. లేకపోతే నా మిషన్లు పోతాయి."

అక్క కాగితం లాక్కుని చదివింది. "'ప్రేమాభిమానాలతో, ఏమీ ఆశించకుండా ఇచ్చితిని.' ఆశించని మాట నిజమే. ముందున్న ఆ ముక్క కొట్టేసి తీసుకురా, పెడతా."

"అక్షరం మారినా చెల్లదన్నారు ఆడిటర్ గారు."

"అయితే పో. అబద్ధం కింద నేను సంతకం పెట్టను."

మూసుకుపోతున్న తలుపుకి టైలరమ్మ కాలు అడ్డం పెట్టింది. వేలు నలిగినా తియ్యలేదు. "మరి అప్పుడెందుకిచ్చావో చెప్పు. అదే రాయించుకొస్తా."

"ఎందుకేంటే? కాలిపోయిన మిషను ముందు కూర్చుని నువ్వు ఏడుస్తుంటే నాకు ముద్ద మింగుడు పడిందా? వారం రోజులు కంటి మీద కునుకు లేదు. చూడలేక ఇచ్చా. ఇంకేముంటుంది?"

"అదేనక్కా. ఆఫీసు భాషలో దాన్ని ఇలా రాస్తారు."

 అక్క కాగితం మళ్లీ చదివింది. తలుపు బార్లా తీసి, లోపలికెళ్లి, బల్ల మీద పెట్టి సంతకం చేసింది. చెల్లెలు చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు.

"ఈ కింద 'పుచ్చుకున్నవారు' అని గీత ఖాళీగా ఉందేం?"

"అది నాది. ఆడిటర్ గారి ముందు పెడతాలే."

"ఆయన ముందు ఎందుకు? నా ముందు పెట్టు. మొత్తం చదివి పెట్టు, పైకి."

టైలరమ్మ నిలబడే చదవడం మొదలుపెట్టింది. మొదటి మాట, 'ప్రేమాభిమానాలతో', నోట్లోనే గొణిగేసింది. అక్క వైపు చూసి, మళ్లీ మొదటి నుంచి, పైకే చదివింది.