ఫుట్‌నోట్‌లో అమ్మమ్మ

స్విలేనా ఇప్పటిదాకా ఎంతమంది పిల్లల వ్యాసాలు దిద్దిందో ఆవిడకే గుర్తులేదు గానీ, తన మొదటి వ్యాసం సంగతి ఎవరైనా కదిపారా, ఇక ఆపడం కష్టం. తర్నోవోలో కొండమీది యూనివర్సిటీ, ఎనభై ఏడో సంవత్సరపు శరత్కాలం, హాస్టల్ వరండాలో కాల్చిన మిరపకాయల వాసన, అంతస్తు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క టైప్‌రైటర్, దానికోసం అమ్మాయిల పోట్లాటలు... అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తాయి. ఆ టైప్‌రైటర్‌లో ఒక అక్షరం సరిగ్గా పడేది కాదు. టైపు చేశాక ప్రతి పేజీలోనూ ఆ అక్షరాన్ని పెన్నుతో దిద్దుకోవాల్సిందే. ఇప్పుడు తలుచుకుంటే అదీ ముద్దొస్తుంది!

వాళ్ళకి వ్యాసరచన నేర్పినాయన బొయాజియేవ్. హోదా దొసెంట్, అంటే ప్రొఫెసర్‌కి ఒక మెట్టు కింద. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఒకే బూడిదరంగు కోటు. మొదటి ఏడాది పిల్లల్ని కూడా తన సాటి పండితుల్లా "కొలెగా" అని పిలిచేవాడు. ఆ పిలుపు వింటే పిల్లలకి రెండంగుళాలు ఎత్తు పెరిగినట్టుండేది. మరుక్షణం ఎర్రపెన్సిల్ తీసేవాడు, పెరిగిన ఎత్తంతా దిగిపోయేది. వ్యాసంలో "నేను" అని కనిపిస్తే గీత. "మా ఊరు" అన్నా గీతే. ఆశ్చర్యార్థకం పెడితే మాత్రం దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన "ఎందుకంత కంగారు, కొలెగా?" అని రాసేవాడు.

స్విలేనా తమ ఊళ్ళో సినిమాహాలు ఎలా వచ్చిందో రాస్తానంది.

"ఆధారం?" అన్నాడాయన.

"పేపర్లున్నాయి. ఇంకా మా అమ్మమ్మ ఉంది. మొదటి ఆటకి వెళ్ళిందట."

"చరిత్రకి మీ అమ్మమ్మ ఎవరో తెలీదు, కొలెగా. ఆవిడ సాక్షి. సాక్షిని పరీక్షించాలి."

ఆ శనివారమే స్విలేనా బస్సెక్కి ఊరెళ్ళింది. నేదెల్యా అమ్మమ్మ వంటింట్లో క్యాబేజీలు ఊరవేస్తోంది. మనవరాలు పెన్సిల్ పట్టుకుని ఎదురుగా కూర్చునేసరికి తడిచేతులు గబగబా తుడుచుకుని, తలగుడ్డ సర్దుకుంది, ఫొటో తీయించుకోబోతున్నట్టు.

"ఏం చెప్పనే?"

"సినిమాహాలు ఎప్పుడు తెరిచారో చెప్పమ్మమ్మా."

"యాభై మూడులో. దిమిత్రోవ్‌దెన్ పండగరోజు. పొద్దున చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, సాయంత్రం అదే పండగ గౌనుతో హాలుకెళ్ళాం. మీ అమ్మ చిన్నది, నా ఒళ్ళోనే నిద్రపోయింది. నీ పుస్తకంలో నా పేరు వస్తుందా?"

"పుస్తకం కాదమ్మమ్మా, వ్యాసం."

"ఏదో ఒకటి. వస్తుందా?"

"వస్తుంది."

ఆ తర్వాత అమ్మమ్మ వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది, యూనివర్సిటీ వాళ్ళు తన మాట రాసుకుంటున్నారని.

లైబ్రరీలో పాత పేపర్ల కట్ట విప్పి స్విలేనా ఆ వార్త రెండుసార్లు చదువుకుంది. హాలు తెరిచింది నవంబర్ ఎనిమిదిన, విప్లవదినోత్సవాల్లో భాగంగా. దిమిత్రోవ్‌దెన్ అక్టోబర్ ఇరవై ఆరున కదా! ఆ పండగ సెయింటు పేరే పెట్టుకున్న మిట్కో మామయ్యకి పేరుపండగ కూడా ఆరోజే, ఏటేటా మామయ్య ఇంట్లో గొర్రెమాంసం తిని పెరిగిన పిల్లకి ఆ తేదీ తెలీదా? అమ్మమ్మ పొరబడింది. పాపం, ముసలిది. కాసేపు బాధపడింది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, కాస్త సంబరపడింది కూడా. దొసెంట్ చెప్పిన పరీక్ష ఇదేగా! ఆ ఊపులో టైపు చేసిపారేసింది: "సాక్షి పేర్కొన్న తేదీ ముద్రిత ఆధారంతో సరిపోలడం లేదు. సాక్షి జ్ఞాపకం విశ్వసనీయంగా పరిగణించబడదు." తన జీవితంలో అంత గంభీరమైన వాక్యం అంతకుముందు రాయలేదు. టైప్‌రైటర్ కోసం వెనక నిలబడ్డ అమ్మాయికి పైకి చదివి కూడా వినిపించింది.

తర్వాతి వారం అమ్మమ్మకీ వినిపించింది. వినిపించకుండా ఉంటే పోయేది.

అమ్మమ్మ గ్లాసులో టీ కలుపుతూ విన్నది. ఆ వాక్యం దగ్గర చెంచా ఆగింది.

"విశ్వసనీయం కాదంటే?"

"అది... రాసే పద్ధతమ్మమ్మా. నిన్ను అన్నట్టు కాదు."

"నన్ను గాక ఇంకెవర్ని? అక్కడ కూర్చున్నది నేనేగా."

"పేపర్లో తేదీ వేరే ఉంది."

"తేదీ నేను చెప్పానా? పండగ అని చెప్పాను. పండగెప్పుడో నాకు తెలీదంటావా?" అమ్మమ్మ లేచి గ్లాసు కడగడం మొదలుపెట్టింది, టీ ఇంకా తాగనే లేదు. "సరేలే. ఇక మీదట ఏం కావాలన్నా ఆ పేపర్నే అడుగు."

ఆ సాయంత్రం ఎన్ని కబుర్లు కదిపినా "నాకేం గుర్తు? నేను నమ్మదగ్గదాన్ని కాదుగా" అని ఒకటే జవాబు. బస్టాండుకి సాగనంపడానికి కూడా రాలేదు. అలా ఎప్పుడూ జరగలేదు.

స్విలేనా ఆ వాక్యం తీసేద్దామా అని బస్సులో దారంతా ఆలోచించింది. తీసేస్తే దొసెంట్ ఊరుకోడు. ఉంచితే అమ్మమ్మ మాట్లాడదు. ఉంచింది.

బొయాజియేవ్ సెమినార్‌లో ఓ ఆచారముండేది. ప్రతి వ్యాసానికీ తోటి విద్యార్థినే ప్రత్యర్థిగా పెట్టేవారు. తప్పులు వెతకడమే వాడి పని, వెతకలేకపోతే వాడికే మార్కులు పోయేవి. స్విలేనాకి ప్రత్యర్థి కామెన్, వెనకబెంచీలో గోళ్ళు కొరుక్కునే పిల్లాడు.

"నాకు ఒక్కటే సందేహం, కొలెగా స్విలేనా."

"ఒక్కటేనా? ఒంట్లో బాగానే ఉందా?"

అందరూ నవ్వారు. కామెన్ నవ్వలేదు.

"పండగ అక్టోబర్ ఇరవై ఆరు అని ఎక్కడ చూశావ్?"

"క్యాలెండర్లో. ఇంకెక్కడ చూస్తారు?"

"ఏ ఏడాది క్యాలెండర్?"

"ఈ ఏడాదిదే," అంటుండగానే స్విలేనా గొంతు తగ్గింది.

"మన చర్చి పాత క్యాలెండర్ వదిలేసింది అరవై ఎనిమిదిలో. అంతకుముందు ఈ పండగలన్నీ పదమూడు రోజులు ఆలస్యంగా వచ్చేవి." చెవులు ఎర్రబడ్డాయి వాడికి. "మా తాతయ్య ప్రీస్టు. అందుకే తెలుసు."

కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చివాళ్ళని అనుమానంగా చూసే ఆ రోజుల్లో, ఆ గదిలో ఆ మాట చెప్పడానికి గుండెధైర్యం కావాలి. ఎవరూ నవ్వలేదు. స్విలేనా బల్లకింద వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. నవంబర్ ఎనిమిది. సరిగ్గా నవంబర్ ఎనిమిది! ఆ ఏడాది అమ్మమ్మ కొవ్వొత్తి వెలిగించిన రోజూ, పేపర్లో విప్లవానికి జేజేలు కొట్టిన రోజూ ఒకటే.

దొసెంట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సాక్షిని పరీక్షించారు, కొలెగా. సంతోషం. క్యాలెండర్ని కూడా పరీక్షించాల్సింది. తిరిగి రాసుకురండి."

తిరిగి రాసింది. ఈసారి టైప్‌రైటర్ కోసం ఎవరితోనూ పోట్లాడలేదు, తెల్లారకముందే లేచి వెళ్ళి కూర్చుంది. "అమ్మమ్మా, క్షమించు" అని రాయడానికి చరిత్రవ్యాసంలో చోటుండదు. ఉన్న చోటల్లా పేజీ అడుగునే. అక్కడే రాసింది.

ఊరెళ్ళి, కోటు కూడా విప్పకుండా చదివింది: "ప్రత్యక్షసాక్షి నేదెల్యా హాజియేవా, జననం 1926. సాక్షి పేర్కొన్న పండగదినం నాటి చర్చి క్యాలెండర్ ప్రకారం ముద్రిత ఆధారంతో పూర్తిగా సరిపోలుతోంది."

అమ్మమ్మ పొయ్యి వైపు తిరిగే ఉంది. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"ఇంటిపేరుతో సహా వేశావా?"

"వేశాను."

"పుట్టిన ఏడు కూడానా! నాలుగేళ్ళు తగ్గించి వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"తగ్గిస్తే కామెన్ పట్టేసుకుంటాడు."

అమ్మమ్మ మూతి బిగించుకుంది గానీ నవ్వు ఆగలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఆటెలా జరిగిందని రాశారే ఆ పేపర్లో?"

"విజయవంతంగా ముగిసిందని."

"ముగియడమా? సగంలో కరెంటు పోయింది. ఒక్కళ్ళు కదిలితే ఒట్టు. ఆ చీకట్లోనే కూర్చుని మిగతా కథంతా మేమే అల్లుకున్నాం, తలో ముక్కా."

స్విలేనా పెన్సిల్ తీసింది. "మీరంటే ఎవరెవరు? పేర్లతో చెప్పు."