‘తెలియదు’ అనే మాటకు చోటు లేక

నేను ఒక వారధిని. ఇటుకా సిమెంటూ పెట్టి కట్టింది కాదు. ఒక చేపల రేవు ఆఫీసు కంప్యూటర్‌లో, రెండు ప్రోగ్రామింగ్ భాషల మధ్య వేసిన చిన్న వారధిని. ఆ పని తెలిసినవాళ్లు నన్ను ‘టైపు’ అంటారు. ఒక భాషలో పుట్టిన విలువను అందుకుని, రెండో భాషకు అర్థమయ్యే రూపంలో అప్పగించడమే నా బతుకు. ఆ రూపం ఏమిటో నన్ను రాసినవాళ్లే నిర్ణయించారు. దాన్ని దాటి నేను ఒక్క అక్షరం కూడా పలకలేను.

పాత భాష సత్యమూర్తి గారిది. సముద్రంలో తేలే బోయా నుంచి గాలి వేగాన్ని చదివే ప్రోగ్రాం ఆయనే రాశారు. బోయా పలకనప్పుడు ఆ ప్రోగ్రాం ‘మైనస్ 999’ అని రాస్తుంది. అలాంటి గాలి లోకంలో ఉండదు కనుక, కబురు రాలేదని చూసేవాళ్లు గ్రహిస్తారని ఆయన ఉద్దేశం. కొత్త భాష హిమబిందుది. వేటకు వెళ్లేవాళ్ల ఫోన్లలో గాలిని చూపే యాప్ ఆమె రాసింది. ‘ఏమీ రాలేదు’ అని చెప్పడానికి ఆమె భాషలో చక్కటి ఏర్పాటే ఉంది. ఇద్దరూ ఒక్క పూట కలిసి కూర్చుని ఉంటే ఆ మాట నా గుండా సాఫీగా దాటేది. కూర్చోలేదు. ఆయనకు ఫోన్ ప్రోగ్రాములంటే పిల్లలాట. ఆమెకు ఆయన కోడ్ అంటే భయం. పక్కపక్క బల్లల మీద పనిచేస్తూ, తమ భాషలను కలిపే పని మాత్రం నాకు అప్పజెప్పారు.

యాప్ ప్రారంభోత్సవం ముందు రోజు బోయా కాసేపు మూగబోయింది. ఫోన్ తెర మీద గాలి మైనస్‌లో కనబడింది. రేవు ఆఫీసు పెద్ద, ఇంజనీరు గారు కంగారుపడ్డారు.

“మైనస్ గాలేంటమ్మా? నలుగురూ నవ్వుతారు. సున్నా చేసెయ్.”

“అది గాలి కాదండీ, బోయా...” అని సత్యమూర్తి గారు అనబోయారు.

“తర్వాత చూద్దాం లెండి,” అని ఇంజనీరు గారు మాట తుంచేశారు.

హిమబిందు నాలో ఒక వరుస చేర్చింది. సున్నాకు తక్కువ ఏది వచ్చినా సున్నాగా పంపాలి. అంతే, నా తలుపు మూసుకుపోయింది. ఆనాటి నుంచి ‘తెలియదు’ అని నాలోకి వచ్చిన మాట ‘గాలి లేదు’ అని బయటికి వెళ్లేది. తేడా నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

వానాకాలం చివర ఒక మధ్యాహ్నం దానయ్య, అతని తమ్ముడు సోములు తీరానికి దగ్గర్లోనే, సిగ్నల్ అందే చోట వల వేసి ఉన్నారు. గాలి లేచింది. ఆ ఊపుకే బోయా తీగ తెగింది. మైనస్ 999 నాలోకి వచ్చింది. మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ సున్నా అని పంపాను.

దానయ్య భార్య కాసులమ్మ ఫోన్ పట్టుకుని ఆఫీసులోకి పరుగున వచ్చింది.

“ఏటమ్మా ఇది? ఇక్కడ నా కొంగు నిలబట్నేదు. ఫోన్ల సూత్తే సున్నా. ఫోన్ సేస్తే మా ఓళ్లేమో ఇది సూసుకునే, పోయే ఇసురేనని ఇంకా వల తియ్యనేదంతన్నారు.”

హిమబిందు సత్యమూర్తి గారి తెర వైపు తిరిగింది. అక్కడ మైనస్ 999. ఆమె వైర్‌లెస్ సెట్టు అందుకుంది.

“దానయ్యా! అది సున్నా కాదు! గాలి ఎంతుందో మాకు తెలియదు! వల వదిలేసి వచ్చెయ్యండి!”

నాలో ఇరుక్కున్న మాట చివరికి ఆమె గొంతులోంచి వెళ్లింది. ఆలస్యంగా వెళ్లింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల పడవను తిరగేసింది. చెక్క పట్టుకుని తేలుతున్న దానయ్యను వేరే పడవవాళ్లు లాగారు. సోములు మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

సోములు దినం అయ్యాక కాసులమ్మ మళ్లీ వచ్చింది. అరవలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“తెల్దని సెప్తే ఏటమ్మా? మేం తిడతామేటి? తెల్దంటే మా ఓళ్లు అప్పుడే ఒచ్చీసీవోరు గదా.”

సత్యమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాసులమ్మ వెళ్లిన చాలాసేపటికి ఆయన లేచి, తన కుర్చీని హిమబిందు బల్ల దగ్గరికి జరుపుకున్నారు.

“నా అంకెల అర్థాలన్నీ చెబుతాను. రాసుకో అమ్మా.”

వాళ్లిద్దరూ కలిసి కొత్త టైపును చేశారు. విలువ రానప్పుడు ఖాళీగా ఉండే హక్కు దానికి ఉంది. నన్ను చెరిపేయాలనీ చూశారు. కానీ ఆటుపోట్లతో పాటు గాలినీ చూపే పాత తెర ఒకటి నా మీదే ఆధారపడి నడుస్తోంది. నన్ను తీస్తే అదీ ఆగిపోతుంది. అందుకని నా నెత్తిన ‘వాడరాదు’ అని రాసి, ఉన్నచోటే ఉంచేశారు. అటు పనికీ రాని, ఇటు పోనూ లేని స్థితి నాది.

మొన్న బోయా మళ్లీ మూగబోయింది. ఫోన్లన్నిటిలో ‘తెలియదు’ అని కనబడింది. ఒడ్డున కుర్రాళ్లు విసుక్కున్నారట. “తెల్దంటే తెల్దే. తాడు కట్టండ్రా,” అన్నాడట దానయ్య. ఒక్క పడవా కదల్లేదు.

అదే క్షణంలో నా దారిలోనూ మైనస్ 999 వచ్చింది. నన్ను రాసినట్టే నేను సున్నా అన్నాను. పాత తెర దాన్ని చూపింది. దాని ముందు ఎవరూ లేరు.