పదిహేడో నంబరుకు వినయం నేర్పిన పాన్ మాస్టారు

పాన్ షౌరెన్‌కు యాభై రెండేళ్లు. హాంగ్‌జౌలో ఒక పాత హోటలు విందుల హాల్లో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. అందులో పదకొండేళ్లు పెద్ద సర్వరుగా ఒక వెలుగు వెలిగాడు. వెలిగాడన్నది ఆయన మాటే, ఇంకెవరూ అన్నట్టు గుర్తులేదు. హాలు మూతపడ్డాక, ముప్పై అయిదు దాటినవాణ్ణి చూస్తేనే మొహం తిప్పుకునే ఆ ఊళ్లో ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి ఊరి పొలిమేరలో ఉన్న మరమనుషుల బడిలో మాస్టారుగా కుదిరాడు.

బడి అంటే పెద్ద రేకుల షెడ్డు. అందులో మనిషి కళ్లకు అద్దాలు పెట్టుకుని, చేతులకు తీగలున్న తొడుగులు వేసుకుని టీ పోస్తే, ఎదురుగా నిలబడ్డ మరమనిషి కూడా అలాగే టీ పోస్తుంది. అలా నాలుగు వేలసార్లు పోశాక, ఇక దానంతటదే పోస్తుంది. ఆ తర్వాత ఆ మనిషితో పని లేదు. ఈ ఆఖరి సంగతి పాన్‌కు తెలియక కాదు. కానీ తను నేర్పిన పదిహేడో నంబరు మరమనిషి ఒక్క చుక్క ఒలకకుండా టీ పోస్తుంటే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. పొద్దుటి మీటింగులో విన్నదంతా మోసుకెళ్లి ఇంట్లో దించేవాడు.

"లెక్కలేనన్ని కోట్లంట లాన్‌యింగ్. ఇంకో పదేళ్లలో ఇళ్లలో, కార్ఖానాల్లో, హోటళ్లలో అన్నిచోట్లా ఇవేనంట. కార్ల వ్యాపారం కూడా దీని ముందు బలాదూరంట."

"అందులో నీ వాటా ఎంత?" అనేది ఆయన భార్య, చిక్కుడుకాయలు తుంచుతూ.

"వాటా సంగతి కాదే. చరిత్ర గురించి చెప్తున్నా."

"చరిత్ర తర్వాత చూద్దాం. ఆ చెత్త సంచీ కింద పడేసి రా."

బడిలో ఒప్పందం నెలనెలా రాసేవాళ్లు. నేర్పడానికి ఇంకా పనుంటే ఇంకో నెల, లేకపోతే దండం పెట్టి పంపడం. ఇది అందరికంటే బాగా అర్థమైంది పక్క గడిలో బట్టలు మడతపెట్టడం నేర్పే యూ పిన్నికి. ఆవిడ అయిదు నెలలుగా ఒక్క చొక్కా దగ్గరే ఆగింది. ఒకరోజు కాలరు సరిగా రాలేదనేది, ఇంకోరోజు గుండీ కుదరలేదనేది. పాన్‌కు ఆవిణ్ణి చూస్తే ఒళ్లు మండేది. తను మాత్రం ఆ అయిదు నెలల్లోనే టీ పోయడం, పళ్లేలు మార్చడం, చేప తల పెద్ద అతిథి వైపు తిప్పి పెట్టడం, ఎంగిలి గిన్నెలు చప్పుడు లేకుండా తీయడం, అన్నీ నేర్పేశాడు. పదిహేను రోజులిస్తే పదిరోజుల్లో ముగించి, షెడ్డంతా వినబడేలా గొంతు సవరించుకునేవాడు. దాంతో పనుల పట్టీలో ఒక్కటే మిగిలింది. నెలాఖరుకు ఇంకా పదిరోజులున్నాయి. ఇంత తెలివైనవాడు ఇరవై ఆరేళ్లూ సర్వరుగానే ఎందుకు మిగిలాడో ఆ రోజు ఆయనకే కొంచెం అర్థమైంది.

ఆ ఆఖరిది మద్యం గిన్నె తాకించడం. విందులో గిన్నెకు గిన్నె తాకించేటప్పుడు చిన్నవాడి గిన్నె అంచు పెద్దవాడి అంచుకంటే కింద ఉండాలి. ఎంత కిందుంటే అంత మర్యాద. పాన్ దీన్ని ప్రాణం పెట్టి నేర్పాడు. ఇంజనీరు లువో యిటింగ్ ఎదురుగా గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడేది. ఆమెకు ఇరవై ఏడేళ్లు, ఆ షెడ్డు మొత్తానికి అధికారి.

"మాస్టారూ, చాలు. బానే తాకుతోందిగా," అందామె మూడోరోజున.

"తాకితే సరిపోదమ్మా. ఎదుటివాడి గిన్నె ఎక్కడుంటే దానికి వేలెడు కిందుండాలి. నన్నడిగితే అదే వినయమంటే," అన్నాడు పాన్. వినయం గురించి ఆయన అంత గర్వంగా మాట్లాడుతుంటే లువో నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

మర్నాడు చియావ్ గారొచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో కలిపి నలభై విందుశాలలున్న పెద్దమనిషి, డెబ్బై ఏళ్లవాడు. పదమూడో ఏట గిన్నెలు తోముతూ మొదలెట్టి పైకొచ్చాడు. నచ్చితే రెండువందల మరమనుషుల్ని కొంటానన్నాడు. కొంటే బడికి కొత్త పని, పాన్‌కు కొత్త ఒప్పందం. కొనకపోతే ఆరురోజులు గడిచాక పాన్ మళ్లీ రోడ్డు మీదే. పాన్ ఆ రోజు పాత హోటలు నల్లకోటు తొడుక్కొచ్చాడు. పొట్ట దగ్గర గుండీ తెగేలా బిగుసుకుంటే చేతులు అడ్డంగా కట్టుకుని నిలబడ్డాడు.

పదిహేడో నంబరు టీ పోసింది. చేప పెట్టింది, తల సరిగ్గా చియావ్ గారి వైపే. ముసలాయన తలూపాడు.

"కొత్త సంవత్సరానికి ఊరెళ్తానని ఇది సెలవడగదు కదా?" అన్నాడు.

"అడగదండీ," అంది లువో.

"అక్కడే నాకు సగం డబ్బు తిరిగొస్తుంది. పండగపూట హాలు నిండా జనం, వంటగదిలో నేనూ నా పెళ్లామూ. నలభై ఏళ్లుగా ఇదే వరస."

తర్వాత పదిహేడో నంబరు గిన్నె పట్టుకుని ముందుకొచ్చింది. చియావ్ గారు లేచి తన గిన్నె ముందుకు చాపాడు. మరమనిషి తన గిన్నెను ఆయన గిన్నెకు వేలెడు కిందకు దించింది. పాన్ ఛాతీ ఉబ్బింది. చియావ్ గారు మెచ్చుకోలుగా నవ్వి, అలవాటు కొద్దీ తన గిన్నెను దానికంటే కిందకు దించాడు.

పదిహేడో నంబరు ఇంకా కిందకు దించింది.

"అబ్బో, ఇదెవరి పెంపకమో," అంటూ ముసలాయన కూడా దించాడు. అది మళ్లీ దించింది. రెండు గిన్నెలూ పళ్లేల మధ్యకొచ్చాయి. బల్ల అంచు దాటాయి. చియావ్ గారు నడుం వంచాడు, మరమనిషి మోకాళ్లు వంచింది. ఆయన పట్టుదల మనిషి. జీవితంలో ఎవరిముందూ తన గిన్నె ఎత్తుగా పెట్టనివాడు, ఇప్పుడు ఒక యంత్రం ముందు పెడతాడా? ఒక మోకాలు నేలకానించాడు. వెంటవచ్చినవాళ్లు నోళ్లు తెరిచి చూస్తున్నారు. ఆయనను లేపాలో, ఆయనతోపాటు మోకరిల్లాలో వాళ్లకు తోచలేదు.

అప్పుడు పాన్‌కు తను చేసిన పని అర్థమైంది. అవతలివాడు కూడా కిందకు దించుతాడని ఆయన మరమనిషికి చెప్పనేలేదు. ఎందుకంటే ఇరవై ఆరేళ్లలో అతిథులు ఒకరికొకరు దించుకోవడం చూశాడు గానీ, సర్వరు పాన్ ముందు మాత్రం ఒక్క అతిథి కూడా తన గిన్నె దించలేదు. వడ్డించేవాడి ముందు కూడా అలా జరగొచ్చని ఆయనకు తట్టనే లేదు. తనకెవరూ ఇవ్వని మర్యాదను ఆయన లెక్కలోకి ఎలా తీసుకుంటాడు? సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

లువో ఎర్ర మీట వైపు పరుగెత్తబోయింది. మీట నొక్కితే యంత్రం ఉన్నచోటే బిగుసుకుపోతుంది, పెద్దమనిషి దానిముందు మోకాలి మీద మిగిలిపోతాడు. పాన్ ఆమెను చేత్తో ఆపి, కోటు సంగతి మరిచిపోయి నేలమీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి చియావ్ గారి మోచేతికింద పెట్టాడు. కుడి అరచెయ్యి ఆయన గిన్నె అడుక్కి ఆనించి, నెమ్మదిగా పైకెత్తాడు.

"పెద్దవారు మీరు. మీరిలా దించేస్తే చిన్నవాళ్లం మేమెక్కడికి పోవాలండీ. ఆ మర్యాద మాకు వదిలెయ్యండి," అన్నాడు లోగొంతుతో.

చియావ్ గారి చెయ్యి మెత్తబడింది. గిన్నె పైకి లేచింది. వేలెడు కింద పదిహేడో నంబరు గిన్నె వచ్చి టంగుమని తాకింది. ముసలాయన ఒక్క గుక్కలో తాగేసి, పాన్ భుజం పట్టుకుని లేస్తూ పడీపడీ నవ్వాడు. అందరూ నవ్వారు. పాన్ కోటు గుండీ ఎక్కడో బల్లకింద దొర్లింది.

"రెండువందలు తీసుకుంటా," అన్నాడు చియావ్ గారు కళ్లు తుడుచుకుంటూ. "ఒక షరతు. ఇప్పుడీయన చేసింది, ఆ మోచెయ్యి పట్టుకుని పైకెత్తడం, ఆ మాట అనడం, అది కూడా వీటికి రావాలి. రోజుకు పది బల్లల దగ్గర ఇదే గొడవ నాకు. ఎన్నాళ్లు పడుతుంది?"

లువో నోరు తెరిచేలోపే ఆయన పాన్ వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు చెప్పండి. నేర్పేవారు మీరేగా."

ఆయన వెనక నిలబడి లువో కళ్లతోనే బతిమాలుతోంది. రెండు చేతులూ దూరంగా చాపి, ఇంకా చాపి చూపించింది. అవతలి గడిలో యూ పిన్ని చొక్కా వదిలేసి మరీ తల అడ్డంగా ఊపుతోంది. ఏడాదని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు. ఎవరి మోచెయ్యి ఎంత గట్టిగా పట్టాలి, ఏ మాట ఏ గొంతుతో అనాలి, ఇదంతా ఆయనకు వంటబట్టడానికే పదేళ్లు పట్టింది. ఏడాదంటే పన్నెండు నెలల జీతం. పాన్ ఏడాదని అనబోయాడు.

కానీ డెబ్బై ఏళ్ల పెద్దమనిషి తనను మాస్టారూ అన్నాడు. తన చేతిని చూస్తూ అడిగాడు.

"ఎనిమిది రోజులు," అన్నాడు పాన్.

సాయంత్రం లాన్‌యింగ్ వేడి నూడుల్స్ గిన్నె ముందు పెట్టి, గుండీ ఊడిన కోటు వైపు చూసి, జరిగిందంతా చెప్పించుకుంది. మధ్యలో ఒక్కసారీ అడ్డు తగల్లేదు. ఆవిడ అలా వింటుంటే పాన్‌కు భయం వేసింది.

"కొత్త ఒప్పందం ఎన్నాళ్లకు రాశారు?"

"ఎనిమిది రోజులకు."

"ఆ తర్వాత?"

ఆయన నూడుల్స్ కలపసాగాడు. ఆవిడ ఆయన చేతులవంక చూసింది. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, ఊరబెట్టిన ఆకుకూర తీసి ఆయన గిన్నెలో వేసింది.

"పోనీ, ఆ ఎనిమిది రోజుల్లో అయినా దానికి వస్తుందా? లేక మాట పోతుందా?" అంది.

పాన్‌కు రోషం వచ్చింది. చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"నేను నేర్పితే రాకపోవడమేంటి? ఎందుకైనా మంచిదని ఎనిమిదన్నాను గానీ, నాకు ఆరు చాలు," అన్నాడు.