రిజర్వు చీటీ

కరెంటు ఫిర్యాదుల కాల్ సెంటర్‌లో ఏ రోజు ఎన్ని ఫోన్లు వస్తాయో ముందే చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. వాన పడితే తొమ్మిది వందలు, పడకపోతే నాలుగు వందలు. ఆ రెండింటి మధ్య కొట్టుమిట్టాడుతూ షిఫ్టులు వేసే పని వదినది. వదినంటే, అక్కడే ఫోన్లెత్తే ఆమెకు ఆడబిడ్డ, భర్తకు స్వయానా అక్క. ఆమెకు ఈ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే.

ఎవరూ మూతి ముడవకుండా వదిన ఒక పద్ధతి పెట్టింది. ప్రతి సోమవారం అందరి ముందూ ఆఫీసులో పిలుచుకునే పేర్లు రాసిన చీటీల డబ్బాలోంచి ఒకటి తీస్తుంది. ఫోన్లు పెరుగుతాయని అనుమానమున్న రోజుకు ఆ పేరుగల మనిషే రిజర్వు. సెలవైనా సరే ఇంట్లో ఫోన్ పక్కనే ఉండాలి, పిలిస్తే గంటలో వచ్చి సీట్లో కూర్చోవాలి. గత పది వారాల్లో ఏడుసార్లు ఆమె పేరే వచ్చింది. చీటీతో ఏం పోట్లాడతామని ఆమె సరిపెట్టుకుంది, పిచ్చిది.

ఈ గురువారం మాత్రం పాప కాలికి సిమెంటు కట్టు తీసే రోజు. ఆరేళ్ళ పిల్ల. కట్టు కోసే మిషన్ పేరెత్తితే చాలు, దుప్పట్లో దూరుతోంది. "అమ్మ చేయి పట్టుకుంటేనే కాలు చాపుతా" అని తెగేసి చెప్పింది. వదిన కూడా విని, "నా మేనకోడలి కోసం ఆ మాత్రం చెయ్యనా? సెలవు తీసుకో పో" అంది.

సోమవారం వదిన గురువారం రిజర్వుకు చీటీ తీసి మళ్ళీ ఆమె పేరే చదివింది. అందరూ "అయ్యో" అంటూ సీట్లకు వెళ్ళిపోయారు. ఇంతలో మేనేజరు కేకేయడంతో వదిన చీటీని బల్ల మీదే వదిలి పరుగెత్తింది. డబ్బాలో వేద్దామని ఆమె దాన్ని అందుకుంది.

"పొడుగాయన" అని ఉంది.

మళ్ళీ చదివింది. అదే ఉంది. బయటివాళ్ళు మోసం చేస్తే ఒక ఏడుపు, ఇంటి మనిషే చేస్తే ఎవరికి చెప్పుకుని ఏడవాలి? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

వదిన తిరిగి రాగానే చీటీ చూపించింది. "ఇదేంటి వదినా?"

వదిన గొంతు తగ్గించింది. "గురువారం వానంటున్నారు. వీళ్ళలో ఒకడు ఫోనెత్తడు, ఇంకొకడికి అప్పుడే జ్వరమొస్తుంది. చీవాట్లు తినేది నేను. నువ్వయితే నోరెత్తకుండా వస్తావు. మనదానివని చేశానే."

"పాప సంగతి తెలిసి కూడానా?"

"దాన్ని నేను తీసుకెళ్తాలే. మేనత్తని, ఆ మాత్రం చేయి పట్టుకోలేనా? ఆ రోజు నాకు సెలవే."

ఆమె నేరుగా పొడుగాయన సీటు దగ్గరికి వెళ్ళి చీటీ ఆయన ముందు పెట్టింది. "అన్నయ్యా, గురువారం రిజర్వు మీరే. నేను మా పాప దగ్గరుంటాను."

ఆయన చీటీ వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు. మెల్లగా తల దించుకున్నాడు.

"ఇన్నాళ్ళకు చూశావా అమ్మా?"

ఆమె చివ్వున మిగతావాళ్ళ వైపు తిరిగింది. అందరూ హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ, "చెప్పండి సార్, చెప్పండి మేడమ్" అంటూ మైకుల్లోకి గబగబా మాట్లాడేస్తున్నారు. వచ్చే కాల్స్ చూపించే గోడ మీది బోర్డులో మాత్రం ఒక్క కాల్ కూడా లేదు.