సారె బుట్టలో వచ్చిన పడవ

నేను ఒక అచ్చు దిమ్మెను. అరచేతికంటే కాస్త పెద్ద టేకు చెక్కను. నా ముఖం మీద తెరచాప ఎత్తిన పడవ ఒకటి గీతలు గీతలుగా చెక్కి ఉంటుంది. నన్ను రంగులో తడిపి గుడ్డ మీద అద్దితే ఆ పడవ గుడ్డ మీదికి దిగుతుంది. నా ఇన్నేళ్ళ బతుకులోకెల్లా మంచి కబురు ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. వెదురుబుట్టలో, బెల్లం వాసన వేస్తూ వచ్చింది.

అప్పటికి రంగులద్దే ముసలమ్మ హుసేన్‌బీ నన్ను గోనెగుడ్డలో సగం చుట్టేసింది. రేపు మధ్యాహ్నం పట్నం నుంచి మ్యూజియం కారు వస్తుంది. నన్నూ, నా పడవలను అంచు పొడవునా మోస్తున్న పెళ్ళిపందిట్లో పైన కట్టే చాందినీనీ తీసుకుపోతుంది. గాజుపెట్టెలో పెడతారట. పైన దీపం, పక్కన పేరు రాసిన అట్టముక్క. గౌరవమైన చోటే, కాదనను. కానీ గాజు వెనకాల తడి రంగు వాసన రాదు, చెమట పట్టిన చెయ్యి తగలదు.

వాకిట్లో మెట్టెల చప్పుడయింది. నాంచారయ్య, అతని కొత్త పెళ్ళాం వాసంతి. నాంచారయ్యది మా తెరచాపలరేవే, చేపల వేటకు వెళ్ళే పల్లెకారుల కుర్రాడు. వాసంతిది ఏరు సముద్రంలో కలిసే మొగకు అవతల ఇసుకలంక. బియస్సీ చదివింది. పుట్టింటి సారె వచ్చిందని ఇద్దరూ ఇంటింటికీ అరిసెలు పంచుతున్నారు. ఈ పిల్లకు నవ్వు ఊరికే వస్తుంది. పిట్ట ఎగిరితే నవ్వు, బుట్ట ఒరిగితే నవ్వు, నాంచారయ్య తుమ్మితే మరీ నవ్వు.

"బూబమ్మగారూ, సారె తీసుకోండి. పెద్ద అరిసె మీకే ఏరి తెచ్చా."

"పళ్ళు లేనిదానికి నాకెందుకమ్మాయ్? మా ఆయనకి పెట్టు. ఆయనకి ఆశెక్కువ."

నులకమంచం మీద పడుకున్న ఖాజా కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపాడు. హుసేన్‌బీ అరిసె తీసుకుని ఆ చేతిలో పెట్టబోయి ఆగిపోయింది. వెలుతురులోకి తిప్పి చూసింది. అరిసె మీద ఏవో లొత్తలున్నాయి. నెలవంకలాంటి పొట్ట ఒకటి, దాని పైన మూడు మూలల ముక్కలు రెండు, కింద అలల్లాంటి గుర్తులు. వాటి మధ్య సన్నటి గట్లు.

నేను చెక్కను. నాకు గుండె లేదు. అయినా ఏదో కొట్టుకుంది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

దిమ్మెను కాకముందు నేను ఓడ పలకను. రంగం టేకు, బర్మా నుంచి వచ్చింది. ఆ ఓడ ఏ దేశానిదో నాకు తెలియదు. సముద్రం మీద ఏ అల ఏ రాజుదో ఎవరూ చెప్పరు. మా తీరానికి ఎవరెవరు వచ్చారో మాత్రం తోటి పలకలు చెప్పగా విన్నాను. బందరు అద్దకం కోసం పారశీకపు వర్తకులు వచ్చారు, వలందా డచ్చివాళ్ళు వచ్చారు, ఫ్రెంచి పరాసులు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. అందరూ పూలగుడ్డలు కొనడానికే వచ్చామన్నారు. గుడ్డలు కొనడానికి కోటలెందుకో, ఫిరంగులెందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఇది మాదంటే మాదని ఒకరితో ఒకరు కొట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళ సమాధుల మీద మేకలు కూర్చుని ఎండ కాగుతుంటాయి. మేకలు మాత్రం ఏదీ మాదనవు.

తర్వాత బందరును ముంచిన ఆ పాత ఉప్పెన వచ్చింది. నా ఓడ మొగ దగ్గర ముక్కలైంది. పలకనైన నేను ఒడ్డుకు కొట్టుకొచ్చి బురదలో పడుకుని, పైన పోయే మబ్బులను చూస్తూ ఉండిపోయాను. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ పడుకోలేదు.

తెరచాపలరేవులో అప్పటిదాకా ఎవరి వీధి వాళ్ళది. సాలెల మగ్గాలు ఒక వైపు, రంగులద్దే సాయెబుల పాకలు కాలువ గట్టున, చాకళ్ళ రేవు ఆ పక్కన, పల్లెకారుల గుడిసెలు ఇసుక మీద, ఉప్పు కొటార్లవాళ్ళు ఇంకా దిగువన. ఉప్పెన వెళ్ళాక గోడలు లేవు కనుక వీధులూ లేవు. మిగిలినవాళ్ళలో పెళ్ళీడు పిల్లలున్నారు. పందిరి వెయ్యడానికి మాత్రం ఒక్క తాటాకు లేదు. అప్పుడు సాలెలు తానులు నేశారు, సాయెబులు రంగులద్దారు, చాకళ్ళు కాలువలో ఉతికారు. అందరి పెళ్ళిళ్ళకూ కలిపి ఒకే చాందినీ తయారైంది. తయారవగానే దాని కింద ముందు ఎవరి పెళ్ళి జరగాలని పోట్లాడుకున్నారు. పోట్లాడే ఓపిక తిరిగి వచ్చిందంటే మనుషులు కోలుకుంటున్నట్టే.

ఆ చాందినీ కోసమే కంసాలి లింగాచారి నన్ను చెక్కాడు. నన్నొక్కదాన్నే కాదు, ఒకే పలకను రెండు చేసి జతను చెక్కాడు. నాది గీత అచ్చు. నేను పడవ ఆకారాన్ని నల్లగా గీస్తాను. నా జతది నింపుడు అచ్చు. నేను గీసిన గీతల మధ్య ఖాళీలను అది నింపుతుంది. దాన్ని ముంచేది పటిక నీళ్ళలో. పటికకు రంగు కనబడదు. అద్దిన చోట ఏమీ లేనట్టే ఉంటుంది. గుడ్డను చిరువేరుతో కాగులో మరిగించాకే అక్కడ ఎరుపు మెల్లగా పైకి వస్తుంది. కొన్ని సంగతులు వేడి తగిలితేనే బయటపడతాయి. ఈ మాట పెళ్ళయినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

అప్పటినుంచి మా ఊళ్ళో ఒక ఆచారం పుట్టింది. పెళ్ళి నిఖా అయినా, పసుపుతాడుదైనా, చర్చిలో ఉంగరాలదైనా, కొత్త జంట రంగుల పాకకు వచ్చి చాందినీ అంచున ఒక పడవ అద్దాలి. పెళ్ళికూతురు చేతిలో నేను, పెళ్ళికొడుకు చేతిలో నా జత. ముందు ఆమె గీత గీస్తుంది, తర్వాత అతను నింపుతాడు. దీన్ని పడవెక్కించడం అంటారు. ఎన్ని చేతులు పట్టుకున్నాయో నన్ను! గోరింటాకు ఎండని చేతులు, ఆకురాయిలా గరుకుగా ఉన్న ఉప్పుకొటారు చేతులు, పోగు ముడివేసి ముడివేసి కొసలు సన్నబడ్డ సాలె వేళ్ళు. గుడ్డ చిరిగినప్పుడల్లా పాత అంచు కత్తిరించి కొత్త గుడ్డకు కుట్టేవారు. ఎర్రటి పడవల బారు పెరుగుతూ పోయింది.

మధ్యలో మిల్లు గుడ్డలొచ్చి అద్దకం ఆగిపోయిన రోజుల్లో మా ఇద్దరినీ ఒక సాలె అవ్వ మగ్గం కాలి కింద ఎత్తు కోసం పెట్టింది. అవమానమని మీరనుకోవచ్చు. పక్కపక్కనే ఉన్నాం, పగలంతా మగ్గం జోల పాడేది. మాకేం లోటు? తర్వాత ఖాజా తండ్రి మమ్మల్ని దులిపి మళ్ళీ పాకకు తెచ్చాడు.

దివిసీమ ఉప్పెనలో మాత్రం విడిపోయాం. నీళ్ళు పాకలోకి వచ్చినప్పుడు ఇద్దరం ఒకే అరలో ఉన్నాం. తెల్లారేసరికి నేను మొగలిపొదలో ఇరుక్కుని ఉన్నాను. నా జత లేదు.

ఆ ఉప్పెన తర్వాత మొదటి పెళ్ళి ఖాజాకూ హుసేన్‌బీకీ జరిగింది. ఆమె నన్ను పట్టుకుని గీత గీసింది. ఖాజా ఖాళీ చేతులతో పక్కన నిలబడ్డాడు. వేరే కంసాలి చేత కొత్త నింపుడు అచ్చు చెక్కించి చూశారు. ఒక పలకలో పుట్టనిది గీతకు అటో ఇటో జరిగేది, ఎరుపు పడవ దాటి నీళ్ళలోకి పోయేది. వదిలేశారు. అలా చాందినీ మీద తెల్లటి పడవలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు ఎవరో అన్నారు, ఖాళీ పడవ ఎక్కడం శుభం కాదని. ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. జత అచ్చు లేదు, జంటలు రావు, ఇక గుడ్డ ఎందుకని ఊరి పెద్దలు మ్యూజియానికి మాటిచ్చారు. హుసేన్‌బీ సరేనంది. కానీ గుడ్డ మడతపెట్టేటప్పుడు ప్రతిసారీ తన ఖాళీ పడవ మీద వేలు రాస్తూ కూర్చునేది. నేను చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు అరిసె దగ్గరికి వద్దాం.

హుసేన్‌బీ గోనె విప్పి నన్ను బయటికి లాగింది. అరిసెను పళ్ళెంలో పెట్టి దాని మీద నన్ను మెల్లగా నొక్కింది. నా గీతలు సరిగ్గా ఆ సన్నటి గట్ల మీదే వాలాయి. ఒక్క చోటా తప్పలేదు. నన్ను ఎత్తేసరికి అరిసె మీద తెరచాపతో సహా నిండు పడవ! ఇన్నేళ్ళ తర్వాత నా మొదటి నిండు పడవ బెల్లం రంగులో, మీద నువ్వులు చల్లుకుని ఉంది.

"ఏమయ్యో, లే! లేచి చూడు!" అంది హుసేన్‌బీ.

"తినడానికి లేవాలా?" అంటూ ఖాజా లేచి, అరిసెను చూసి మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు. "ఇదెక్కడిదమ్మాయ్?"

వాసంతి బిత్తరపోయింది. "మా అమ్మ చేసిందే తాతగారూ. పాకం ముదిరిందా?"

"పాకం సంగతి కాదే తల్లీ. దీన్ని దేంతో నొక్కారు?"

"అరిసెల చెక్కతో. మా ముత్తవ్వకి ఉప్పెన బురదలో దొరికిందంట. ముగ్గు చెక్కి ఉంది కాబట్టి అరిసెల చెక్కే అయ్యుంటదని ఇంటికి తెచ్చింది. మా లంకలో ఏ ఇంట్లో పెళ్ళయినా ఆ చెక్క పట్టుకుపోతారు."

నా జత ఇన్నేళ్ళూ మొగకు అవతలే ఉంది. లంకలో పెళ్ళిళ్ళన్నీ తిరుగుతూ, కాగిన నూనె తాగుతూ, జంటజంటకూ తియ్యటి పడవలు అద్దుతూ ఉంది. దాని పని అది మానలేదు. రంగు మారిందంతే.

వాసంతి అప్పటికే తల్లికి వీడియో ఫోను చేసింది. "అమ్మా, మన అరిసెల చెక్క ఏదీ, చూపించు!"

"ఎందుకే? అప్పుడే అత్తగారు అరిసెలు వండమందా?" తల్లి గొంతు వినబడింది. "పాతదైపోయింది, పొయ్యిలో పెట్టి కొత్తది కొందామనుకుంటన్నా."

"వద్దు!" అని ఇక్కడ నలుగురూ ఒకేసారి అరిచారు. అవతల ఏదో గిన్నె కింద పడింది.

వాసంతి ఫోనును నా ముందు పట్టుకుంది. చిన్న వెలుతురులో నా జత కనబడింది. ముఖమంతా జిడ్డు, మూలల్లో బెల్లం పాకం, నెత్తిన రెండు నువ్వు గింజలు. కాస్త లావెక్కింది. పెళ్ళిచూపుల్లో ఇలా కనబడ్డావేమిటని అడగాలనిపించింది. అడగడానికి నాకు నోరు లేకపోవడం దాని అదృష్టం.

ఖాజా ముఖం మాత్రం వాడింది. "ఇంత నూనె తాగిన చెక్క పటిక పట్టుద్దంటావా?"

హుసేన్‌బీ చీర చెంగుతో కళ్ళొత్తుకుంటూనే కసిరింది. "మీ నాయన కొత్త అచ్చుని ఎందులో నానేసేవాడు? నూనెలో కాదూ? ఆ నూనే దాన్ని పగలకుండా కాపాడింది. పైపై జిడ్డుకి కుంకుడు నురగ చాలదా?"

"చాలుద్దిలే," అన్నాడు ఖాజా చిన్నగా. చేతిలో అరిసెను తిప్పి తిప్పి చూశాడు. "ఎట్టా తినేది దీన్ని?"

"విరిచి సగం ఇటు పెట్టు," అంది హుసేన్‌బీ. విరవడానికి ఖాజాకు చెయ్యి రాలేదు. నాంచారయ్య మరో అరిసె తీసిచ్చాడు. దాన్నీ ఒకసారి వెలుతురుకు పట్టి చూసుకుని, అప్పుడు తిన్నారు.

"మరి రేపు కారొస్తది గదా బూబమ్మా? పెద్దలు మాటిచ్చారు గదా?" అన్నాడు నాంచారయ్య.

హుసేన్‌బీ నన్ను గోనెలో చుట్టలేదు. కిటికీ గట్టు మీద, గాలి తగిలే చోట నిలబెట్టింది. మడతపెట్టిన చాందినీని విప్పి నేలంతా పరిచింది. ఎర్ర పడవల బారు, దాని చివర తెల్ల పడవలు, మొదటి తెల్ల పడవ ఆమెదే. దాని పక్కన కూర్చుని చెప్పింది.

"రానీవయ్యా. రేపు పొద్దున్నే పోటు మీద నువ్వూ ఈ పిల్లా పడవ కట్టుకెళ్ళి ఆ చెక్క తీసుకురండి. ఈలోగా గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తా. ఈయన పటిక కలుపుతాడు. కారొచ్చేసరికి పడవలద్దిన గుడ్డ తీగ మీద తడితడిగా ఉంటది. తడి గుడ్డ ఎవరు కారెక్కిచ్చుకుంటారు? చేపల పులుసుతో అన్నం పెట్టి, పెళ్ళికొచ్చినోళ్ళని సాగనంపినట్టు సాగనంపుదాం. పెద్దలతో నేను మాట్లాడతా."

"మా పడవ కూడా అద్దుతారా బూబమ్మగారూ?" అంది వాసంతి, నాంచారయ్య మోచెయ్యి గట్టిగా పట్టుకుని.

"అద్దుదువు గాని. కానీ ముందు మాదే నింపాలి. ఖాళీ పడవలో కూర్చుని కూర్చుని నాకు నడుం పట్టేసింది."

ఖాజా మీసాల మీది నువ్వు గింజలు దులుపుకుని లేచి నిలబడ్డాడు.

"అయితే రేపటికి నా తెల్ల చొక్కా తీసి పెట్టు," అన్నాడు. "పెళ్ళికొడుకు మాసిన బట్టల్తో వస్తే బాగోదు."